ఇంగ్లండ్ పాత చెక్క మేనర్ హౌసులు (జమీందారీ ఇళ్లు) అలా వంకర తిరిగి ఎందుకుంటాయి? అప్పటి వడ్రంగులకు పని సరిగ్గా రాకా?

వడ్రంగులను అనకండి. చెషైర్ ప్రాంతంలోని లిటిల్ మోర్టన్ హాల్ అనే అలాంటి ఇంట్లో రిచర్డ్ డేల్ అనే వడ్రంగి, 1559 నాటి కిటికీల మీద దేవుడి దయవల్ల వీటిని తానే చేశానని పేరు చెక్కుకున్నాడు. పని రానివాడు చేసే పనేనా అది? వంకరకు అసలు కారణం, కట్టుబడి సగంలో ఉండగా "పైన ఇంకో అంతస్తు లేపుదాం" అనే ఇంటాయన.

ఆ ఇంటి దక్షిణ భాగం 1560ల మొదట్లో కట్టారు. రెండంతస్తులకని పని మొదలయ్యాక, పైన 68 అడుగుల లాంగ్ గ్యాలరీ వచ్చి కూర్చుంది. వాన పడే రోజుల్లో నడవడానికీ ఆడుకోవడానికీ అదో పొడవాటి గది (17వ శతాబ్దపు టెన్నిస్ బంతులు నాలుగు దాని చెక్క పలకల వెనక దొరికాయి). కప్పుకు వేసింది పెంకులు కాదు, గ్రిట్‌స్టోన్ అనే గరుకు ఇసుకరాయి పలకలు. అలాంటి కప్పు చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగుతుంది. పైగా గోడ పొడుగునా కిటికీలే, కాబట్టి నిట్రాళ్ల మధ్య ఏటవాలు ఊతకర్రలకు చోటే లేదు. కప్పును మోసే చట్రాలు విల్లులా వంగినవి. అడుగున అడ్డదూలం లేకపోతే బరువు పడేకొద్దీ రెండు గోడలనూ బయటికి తోస్తాయి. అడ్డదూలాలు 17వ శతాబ్దంలో తగిలించారంటారు. అప్పటికే కింది అంతస్తుల దూలాలు కుంగి ఉంటాయి.

రెండో కారణం పచ్చి ఓక్ కలప. ఎండబెట్టి వాడొచ్చుగా అంటారు. అంగుళం మందం ఆరడానికి ఏడాది పడుతుందని లెక్క. పది అంగుళాల నిట్రాడి కోసం పదేళ్లు ఎవరాగుతారు? ఆరిన ఓక్ మీద ఉలి దిగడం కూడా కష్టం. అందుకే పచ్చిగానే కోసి, ఒక దుంగ చివర నాలుక, ఇంకో దుంగలో బెజ్జం చెక్కి, ఓక్ చీల దిగ్గొట్టేవారు. నాలుకలోని రంధ్రాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు కావాలనే పక్కకు వేస్తే, చీల దిగేటప్పుడు అతుకు బిగుసుకుంటుంది. తర్వాత కలప ఆరుతుంది. పొడవు తగ్గదు, అడ్డంగా కుంచించుకుని మెలి తిరుగుతుంది. అయినా చీల వదలదు. ఇల్లు వంగిందే తప్ప కూలకపోవడానికి ఆ అతుకులు ఒక పెద్ద కారణం.

అసలు కొంప ముంచేది వంకర కాదు, సిమెంటు. చట్రం మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తి, పైన సున్నం పూసేవారు. మన పల్లెల్లో తడిక గోడ చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెక్క కదిలితే సున్నం కొంత సర్దుకుంటుంది, తడిని బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే చెక్క దగ్గర సన్నని పగులు వచ్చి, అందులో దిగిన నీరు బయటికి రాలేక చట్రం అడుగున ఉన్న దుంగను కుళ్లబెడుతుంది. బాగుచేయాలంటే కుళ్లిన మేర కోసి కొత్త ఓక్ ముక్క అతకాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి పూయాలి. జాకీలు పెట్టి నిటారుగా లేపబోతే నాలుగు వందల ఏళ్ల చీలలు పుటుక్కుమంటాయి.

ఇక ఈ ఇళ్లకు కనిపించే ఆ నల్ల దుంగలు, తెల్ల గోడల సోకు 16వ శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలంది కానే కాదు, 19వ శతాబ్దపు విక్టోరియా కాలం వాళ్లు పూసింది. అంతకుముందు ఓక్‌ను అలాగే వదిలేస్తే వెండి బూడిద రంగుకు తిరిగేది, మధ్య గోడలకు పసుపు మట్టి రంగు వేసేవారు.