మోటారు కాలింది సరే, రుజువు ఏది?

ప్రశ్న: ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె మాది. పిండిమర మీదే మా బతుకు. సాయంత్రమైతే వోల్టేజి 160కి పడిపోతుంది. 19 నెలల క్రితం మోటారు కాలిపోయింది. మా ఆవిడ పుస్తెలతాడు తాకట్టు పెట్టి 9 వేలతో వైండింగ్ చేయించాను. మాడిన రాగి తీగ తూకానికి అమ్మేశాను, రసీదేమీ తీసుకోలేదు. లైన్‌మన్‌కి ఎన్నిసార్లు చెప్పినా చూద్దాం అంటాడు. ఇంగ్లండ్‌లో కరెంటు పోతే కంపెనీయే డబ్బులిస్తుందని మా అబ్బాయి చెప్పాడు. మనకు ఆ హక్కు లేదా? వీధి అవతల ఆంధ్రలో మా బావమరిది ఇల్లు. వాళ్ల మీటరు నుంచి కేబుల్ లాక్కోవచ్చా?

జవాబు: మీ ఉత్తరమంతా వెతికినా నాకు కావలసిన ఒక్క ముక్క దొరకలేదు. మోటారు కాలిన రోజున వోల్టేజి తక్కువగా ఉందని చూపే కాగితం ఏది? కేసు నిలిచేదీ పడేదీ దాని మీదే.

హక్కు ఉంది. 2003 విద్యుత్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, సరఫరా ప్రమాణాలు పాటించని సంస్థ నష్టపోయిన వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. దేశంలో మొదట విద్యుత్ నియంత్రణ కమిషన్ పెట్టుకున్నది కూడా ఒడిశాయే, 1996లో. ఇంగ్లండ్‌లో మామూలు వాతావరణంలో 12 గంటలు దాటి కరెంటు రాకపోతే పరిహారం ఇవ్వాలి. అక్కడ 230 వోల్టుల సరఫరా 6 శాతం దాకా తగ్గవచ్చు. మన దగ్గరా ఇళ్లకూ చిన్న మరలకూ ఇచ్చే లో-టెన్షన్ సరఫరాకు అంతే, అంటే 216 దాటి కిందికి పోకూడదు. మీకు 160 వస్తోంది. అంత తక్కువలో మర లాగాలంటే మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. ఇది మోటారు మేస్త్రీకి తెలుసు. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం రుజువు చూపించాలి.

మీరేం చేశారు? మాడిన రాగి తీగ తూకానికి అమ్మేశారు. రసీదు తీసుకోలేదు. ఫిర్యాదంతా నోటి మాటే. గెలిచే కేసును చేతులారా ఇలా పాడుచేసుకుంటే నాకు కోపం వస్తుంది. లైన్‌మన్ అన్న 'చూద్దాం'ని ఏ రిజిస్టరులో చూపిస్తారు?

గడువు సంగతి ఇంకా ముఖ్యం. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ కింద ఆ కమిషన్‌లో కేసు వేయడానికి మీకున్నది రెండేళ్లు. అది మోటారు కాలిన రోజు నుంచే లెక్క. మధ్యలో ఎన్ని అర్జీలు పెట్టినా ఆ గడువు పెరగదు. ఇంకా 5 నెలలే ఉంది.

కేబుల్ మాట మరిచిపోండి. అనుమతి ఉన్న చోట కాక వేరే చోట కరెంటు వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు రెట్టింపు రేటు వేస్తారు. నోటీసు వెళ్లేది మీ బావమరిదికి. అప్పీలుకు 30 రోజులే, అదీ సగం డబ్బు కట్టాక. ఆ లెక్క మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి లేదని సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. పైగా మీ అసలు కేసులో ఎదుటి వకీలు ముందు పట్టుకునేది ఆ కేబుల్‌నే. బిల్లు కట్టడం ఆపొద్దు, 15 రోజుల నోటీసుతో లైను తీసేస్తారు.

వైండింగ్ చేసిన మేస్త్రీ ఉన్నాడు కదా, ఏం మాడింది, ఎందుకు మాడింది, ఎంత తీసుకున్నాడు అన్నవి అఫిడవిట్‌గా రాయించండి. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ ఎంట్రీ తీయండి. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఫ్రిజ్జో ఫ్యానో కాలినవాళ్లు ఉంటే వాళ్లనీ సంతకం పెట్టమనండి. ఒక్కడి మాట కన్నా పదిమంది మాట బరువు. ఈ రోజు నుంచే సాయంత్రం ఏడింటికి వోల్ట్‌మీటరు ఫొటో తీయండి. ఆ ఫోన్ అమ్మకండి, ఫొటోలు చెరపకండి. ప్రతి ఫిర్యాదుకూ నంబరు అడిగి రాసుకోండి.

వోల్టేజి సరిచేయించడానికీ, ప్రమాణాల పరిహారానికీ విద్యుత్ వినియోగదారుల ఫోరం, అక్కడ తేలకపోతే దాని పైన విచారించే అధికారి, అంబుడ్స్‌మన్. మోటారు ఖర్చుకూ, మర ఆగిన రోజుల నష్టానికీ జిల్లా వినియోగదారుల కమిషన్. సేవకు మీరు కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. 'ఇది వ్యాపారం, వీళ్లు వినియోగదారులు కారు' అని అవతలివాళ్లు అంటారు. మరను మీరే నడుపుకుంటూ దాని మీదే బతుకుతున్నారని మొదటి పేరాలోనే రాయండి, ఆ అభ్యంతరం నిలవదు. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్, మీ మీటరు డేటా తెప్పించమని పిటిషన్‌లోనే అడగండి.

ఫోరం అర్జీ ఒడియాలో రాయించి, కాపీ మీద తేదీతో ముద్ర పడేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.