లూసిన్ ఒక్కటే తీసెయ్, మిగతావి కదపకు

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

బరంపురం నుంచి ఫోన్ చేసి, "కణాలను పస్తు పెట్టి ఏ జన్యువులు లేస్తాయో చూస్తాను పెదనాన్నా" అన్నావు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

ముందు ఆ "పస్తు" అన్న మాట మానెయ్. గ్లూకోజు, సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం), అమైనో ఆమ్లాలు అన్నీ ఒకేసారి తగ్గిస్తే ఏది దేనివల్ల జరిగిందో తేలదు. నీ ప్రశ్న లూసిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం గురించి. కణాలను పెంచే ద్రవంలో, అంటే మీడియంలో, లూసిన్ ఒక్కటే ఉండకూడదు, మిగతావన్నీ ఎప్పటిలాగే ఉండాలి. పక్క డిష్‌లో అదే మీడియం పోసి, అందులో లూసిన్ తిరిగి కలుపు. నీ అసలు కంట్రోల్ అదే.

నేను దెబ్బతిన్నది సీరం దగ్గర. మామూలు సీరంలోనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిని తీసేసే డయాలిసిస్ చేయని సీరం వాడి, అమైనో ఆమ్లాలు కొరవడితే లేవాల్సిన ఆస్పరాజిన్ సింథటేజ్ (ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమ్) జన్యువు ఎందుకు సరిగా లేవడం లేదో అర్థం కాక నెలల తరబడి టెన్షన్ పడ్డాను. సీసా మీద లేబుల్ చదవలేదు, అంతే. నువ్వు డయలైజ్డ్ సీరమే కొను.

లూసిన్ లేదన్న సంగతి కణానికి ఎలా తెలుస్తుందో నీ మాటల్లో చెప్పగలగాలి. ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసే అణువులు టీ-ఆర్‌ఎన్‌ఏలు. లూసిన్ దొరకని టీ-ఆర్‌ఎన్‌ఏలు ఖాళీగా పోగుపడతాయి. జీసీఎన్2 అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) వాటిని పట్టుకుని, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2లో ఆల్ఫా అనే భాగంలోని 51వ సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో ప్రోటీన్ల తయారీ మొత్తం మందగిస్తుంది. కానీ జన్యువులను లేపే ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ మాత్రం అప్పుడే పెరుగుతుంది! దాని ఎం-ఆర్‌ఎన్‌ఏ (తయారీ సందేశం) ముందు భాగంలో రైబోజోమ్, అంటే ప్రోటీన్ తయారుచేసే యంత్రం, చదివే చిన్న ముక్కలు (రీడింగ్ ఫ్రేములు) ఉంటాయి. మామూలప్పుడు రైబోజోమ్ మొదటిది చదివాక రెండోదాంట్లో చిక్కుకుని అసలు సందేశాన్ని వదిలేస్తుంది. ఫాస్ఫేట్ తగిలి, పనిచేయగల ఈఐఎఫ్2 కొరవడితే మళ్లీ మొదలుపెట్టడానికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో రెండోదాన్ని దాటిపోయి ఏటీఎఫ్4 దగ్గర మొదలుపెడుతుంది. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ చోటికి వచ్చేసరికి నాకు ముచ్చటేసేది.

తీసింది లూసిన్, పెరిగేది ఆస్పరాజిన్ తయారుచేసే ఎంజైమా అని వైవాలో అడుగుతారు. జీసీఎన్2కి ఏ టీ-ఆర్‌ఎన్‌ఏ ఖాళీ అయినా ఒకటే. లైసిన్ తీసినా ఏటీఎఫ్4 కేంద్రకంలోకి వెళ్లి అవే జన్యువులను లేపుతుంది. అమ్మకు కూడా చెప్పి చూడు. అన్నంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ, పప్పూ కూరలూ కలిపి వండే దాల్మాతో అన్నం కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుందంటే చటుక్కున పట్టుకుంటుంది.

ఏటీఎఫ్4 లేపే చాప్ అనే జన్యువు చురుకుదనం పెరగగానే "జీసీఎన్2 వల్లే" అని రాసేయకు. కణంలో ప్రోటీన్లు మడతపడే చోటు ఈఆర్. అది ఒత్తిడికి గురయ్యే ఈఆర్ స్ట్రెస్‌లో పెర్క్ అనే ఇంకో కైనేజ్ కూడా అదే సెరీన్‌ను తాకుతుంది. జీసీఎన్2 లేని కణాలు దొరికితే వాటిలోనూ చేసి చూడు. ఎం-ఆర్‌ఎన్‌ఏ పెరిగిందంటే ఎక్కువ తయారైనట్టే అనుకోకు, నిదానంగా కరిగిపోతున్నా పెరుగుతుంది. కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే యాక్టినోమైసిన్ డి వేసి అది తేల్చుకో. లూసిన్ తగ్గితే కణం ఎదుగుదలను నడిపే ఎంటార్ అనే కైనేజ్ కూడా నెమ్మదిస్తుంది, అది వేరే దారి. దాని కోసం ఎంటార్ ఫాస్ఫేట్ తగిలించే ఎస్6 కైనేజ్‌ను చూపే బ్లాట్ పరీక్ష ఒకటి పెట్టుకుంటే చాలు.

సీరం ఆర్డర్ పెట్టేముందు లేబుల్ ఫోటో నాకు పంపు. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

మీ పెదనాన్న