చెర్రీ ఆకులు మేకలకు విషమా, కాదా?

చెర్రీ ఆకు తింటే మేకలు చస్తాయని ఒకరు, మా మేకలు రోజూ తింటున్నాయి ఏం కాలేదని ఇంకొకరు అంటున్నారు, ఏది నమ్మాలని అడిగారు. ఇద్దరూ కళ్లతో చూసిందే చెప్పి ఉంటారు, ఎందుకంటే ఈ విషం అన్ని ఆకుల్లో ఒకేలా ఉండదు.

మాది పరకాల దగ్గర పల్లె, ఇంట్లో ఎప్పుడూ బర్లు ఉండేవి. వానలు బాగా పడి ఎదిగి పూతకొచ్చిన జొన్న కోసి వేస్తే కడుపునిండా మేసేవి, అదే చేను వానల్లేక గిడసబారినా, కోత అయ్యాక చిన్న పిలకలు లేచినా నాము, అంటే జొన్నలో చేరే విషం, ఉంటుందని చెప్పి మా నాయన వాటిని అటు పోనిచ్చేవాడు కాదు. పక్కింటివాళ్ల బర్రె ఆ పిలకలే మేసి, డాక్టర్ వచ్చేలోపే పడిపోయింది. అందుకే ఎవరైనా 'ఏం కాదు' అని తేలిగ్గా అంటే నాకు టెన్షన్.

చెర్రీ, పీచ్, ప్లమ్, అసలైన బాదం అన్నీ ప్రూనస్ ప్రజాతివే. జొన్నలో నాముకు కారణమైన ధురిన్ ఉన్నట్టు వీటి ఆకుల్లో ప్రూనసిన్ ఉంటుంది, రెండూ సైనైడ్ పుట్టించే పదార్థాలే. ఆకు బాగున్నంతసేపు అది ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైములు వేరేచోట ఉంటాయి, నమిలినా నలిగినా వాడినా రెండూ కలిసి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. లేత ఆకులో ఎక్కువ, ముదిరితే సాధారణంగా తక్కువ, పైగా పక్కపక్క చెట్లకే పుట్టుకతో తేడా ఉంటుంది. ఉత్తర అమెరికా నల్ల చెర్రీలో బాగా ఎక్కువ, అక్కడ గాలివానకు విరిగి వాడిన కొమ్మలంటేనే పశువుల వాళ్లకు భయం. అదే జపాన్‌లో ఓషిమా చెర్రీ ఆకును ఉప్పులో ఊరబెట్టి మిఠాయికి చుడతారు, ఆ ఘుమఘుమ కూమరిన్ అనే వేరే పదార్థానిది.

మన ఇళ్ల ముందుండే సింగపూర్ చెర్రీ అసలు ఈ కుటుంబమే కాదు, మన వీధుల్లో నీడకు పెంచే బాదం కూడా ఈ కుటుంబం కాదు. కాబట్టి ప్రూనసిన్ లెక్క వాటికి పెట్టకండి. కానీ నిజమైన పీచ్, ప్లమ్ మొక్క పెట్టుకున్నవాళ్లు కత్తిరించిన కొమ్మలను మేకలకు అందేచోట పడేయొద్దు. వాసన చూసి తేల్చుకోవద్దు, సైనైడ్ వాసన చాలామందికి తెలియనే తెలియదు. నాము గానీ ఈ ఆకు గానీ తిన్న పశువు ఆయాసపడుతూ తూలితే నాటు వైద్యం పెట్టుకోకుండా వెంటనే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి, సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు డాక్టరే ఇవ్వాలి, అవి నిమిషాల్లో పడితేనే బతుకుతుంది.