టెక్ సందేహాలు: ఎర్రర్ లేదు, కానీ రికార్డు మారిపోతోంది!

ప్రశ్న: లినక్స్‌లో సీ ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఫైల్లో ఒక్కో రికార్డు 128 బైట్లు. ఎల్‌సీక్‌తో కావాల్సిన చోటికి వెళ్లి, రీడ్‌తో చదువుతున్నాను. నాలుగు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులు) పెట్టాక అప్పుడప్పుడు ఒక రికార్డు అడిగితే ఇంకోటి వస్తోంది. ఎర్రర్ మాత్రం రావడం లేదు. ఎందుకిలా?

జవాబు: ఫైలు ఓపెన్ చేయగానే, ప్రస్తుతం ఎక్కడున్నామో చెప్పే ఒకే ఒక్క ఆఫ్‌సెట్‌ను కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) పెట్టుకుంటుంది. మీ నాలుగు థ్రెడ్లూ ఒకే డిస్క్రిప్టర్ (ఓపెన్ చేసిన ఫైలుకు కెర్నెల్ ఇచ్చే నంబరు) వాడుతున్నాయి కాబట్టి అన్నింటికీ అదే దిక్కు. 0 నుంచి లెక్కపెడితే 10వ రికార్డు కోసం ఒక థ్రెడ్ 1280కి వెళ్లిందనుకోండి. అది రీడ్ పిలిచేలోపే రెండో థ్రెడ్ 50వ రికార్డు కోసం ఆఫ్‌సెట్‌ను 6400కి జరిపేసింది. ఇక మొదటిదానికి వచ్చేది 50వ రికార్డే. ఆ తర్వాత చదివే రెండోదానికి 51వది! కెర్నెల్ లెక్కలో అన్ని కాల్సూ సక్సెస్సే, ఎర్రర్ ఎక్కణ్నుంచి వస్తుంది?

రెండు కాల్స్‌కూ కలిపి లాక్ (ఒకసారికి ఒకే థ్రెడ్‌ను అనుమతించేది) వేయొచ్చు కానీ, అప్పుడు థ్రెడ్లన్నీ క్యూ కడతాయి. దానికి బదులు, ఎక్కడి నుంచి చదవాలో కూడా తీసుకునే పీరీడ్ కాల్ వాడండి. డిస్క్రిప్టర్, బఫర్ (చదివింది పెట్టుకునే మెమరీ), 128, చివర్న 1280 ఇస్తే సరిపోతుంది. చోటు కాల్‌లోనే ఉంటుంది, ఉమ్మడి ఆఫ్‌సెట్ జోలికే పోదు. డూప్‌తో ఇంకో డిస్క్రిప్టర్ తీసుకుంటే ఈ సమస్య పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, దానికీ అదే ఆఫ్‌సెట్. ఫోర్క్ కాల్‌తో పుట్టించిన చైల్డ్ ప్రాసెస్‌కూ అంతే.

పీరీడ్ ఎన్ని బైట్లు ఇచ్చిందో తప్పకుండా చూసుకోండి. 128 అడిగితే 100 రావొచ్చు. మిగతా 28 కోసం మళ్లీ పిలిచేటప్పుడు ఆఫ్‌సెట్‌కు ఆ 100 మీరే కలపాలి, లేదంటే చదివిందే మళ్లీ చదువుతారు. 0 వస్తే ఫైలు అయిపోయినట్టు, మైనస్ 1 వస్తే ఎర్రర్. రాయడానికి పీరైట్ ఉంది. అయితే రెండు థ్రెడ్లు ఒకే రికార్డును మార్చే పరిస్థితి ఉంటే లాక్ తప్పదు, ఆ పని పీరైట్ చేయదు.

ప్రశ్న: ఫైలు మొదట్లో హెడర్ మార్చాలని పీరైట్‌కు ఆఫ్‌సెట్ 0 ఇచ్చాను. డేటా వెళ్లి ఫైలు చివర చేరింది!

జవాబు: ఓపెన్ చేసేటప్పుడు ఓ_అపెండ్ ఫ్లాగ్ (రాసేదంతా ఫైలు చివరే చేర్చమనే గుర్తు) పెట్టి ఉంటారు. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి) ప్రమాణం ప్రకారం ఆ ఫ్లాగ్ ఉన్నా పీరైట్ మీరు చెప్పిన చోటే రాయాలి. లినక్స్ మాత్రం ఆఫ్‌సెట్‌ను పట్టించుకోకుండా చివరికే చేరుస్తుంది. మాన్యువల్ పేజీలోనే దీన్ని బగ్‌గా ఒప్పుకున్నారు. హెడర్ కోసం ఆ ఫ్లాగ్ లేకుండా ఇంకోసారి ఓపెన్ చేసుకోండి.

ప్రశ్న: పైప్ (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పంపే దారి) మీద పీరీడ్ పనిచేయడం లేదు.

జవాబు: చేయదు. పైప్‌లో, సాకెట్‌లో డేటా వచ్చిన వరుసలో తీసుకోవడమే తప్ప ఫలానా చోటు అంటూ ఉండదు. అందుకే మీకు ఈఎస్‌పైప్ (ఇక్కడ చోటు మార్చడం కుదరదనే) ఎర్రర్ వస్తుంది. మామూలు రీడ్ వాడండి.