పర్ల్‌లో ఒక్కో కస్టమర్ డేటాను ప్యాకేజీ వేరియబుల్‌లో పెట్టాలా, ఆబ్జెక్ట్‌లో పెట్టాలా?

కస్టమర్ పేరు, రీడింగ్, బాకీ మూడింటినీ 'కస్టమర్' ప్యాకేజీలో 'అవర్'తో, అంటే ప్యాకేజీ వేరియబుల్స్‌గా, ప్రకటించారు, రెండో కస్టమర్ రాగానే మొదటి వాళ్ల వివరాలు పోతున్నాయి అంటున్నారు. పోక తప్పదండీ. ప్యాకేజీ అంటే పేర్లకు తగిలించే ఇంటిపేరు, అంతే. ప్యాకేజీ వేరియబుల్ ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే ఉంటుంది, ఎంతమంది కస్టమర్లు వచ్చినా అందరి వివరాలూ అందులోకే వచ్చి పడతాయి.

మీది ఒక స్క్రిప్ట్ కాబట్టి వెంటనే బయటపడింది. నేను పనిచేసిన ఒకచోట ఇలాంటి కోడే మాడ్‌పర్ల్ (వెబ్ సర్వర్ లోపలే పర్ల్ కోడ్‌ను నడిపే సదుపాయం) మీద నడిచేది. అక్కడ ప్రాసెస్ ఒక రిక్వెస్ట్‌తో ముగిసిపోదు, ప్యాకేజీ వేరియబుల్‌లో పాత విలువ అలాగే ఉండిపోతుంది. ఒకరి చిరునామా ఇంకొకరి పేజీలో కనిపించేది. టెస్టింగ్‌లో దొరకలేదు, ఎందుకంటే టెస్ట్ చేసేది ఒక్కరే, పాత విలువ కూడా వాళ్లదే! అప్పటినుంచి ఎవరి కోడ్ చూసినా ముందు 'అవర్' ఎక్కడెక్కడుందో వెతుకుతాను.

కాబట్టి 'న్యూ' అనే సబ్‌రొటీన్ రాయండి. అది పిలిచిన ప్రతిసారీ లోపలే కొత్త హ్యాష్ (కీ, విలువ జతల పట్టిక) తయారుచేసి, దాని రిఫరెన్స్‌ను (అది ఎక్కడుందో చూపే విలువను) 'బ్లెస్' చేసి తిరిగి ఇవ్వాలి. బ్లెస్ డేటాను కాపీ చేయదు, ఈ హ్యాష్ ఫలానా ప్యాకేజీకి చెందినదని గుర్తు మాత్రం వేస్తుంది, అలా గుర్తు పడిన హ్యాషే ఆబ్జెక్ట్. ఆ తర్వాత బాణం గుర్తుతో మెథడ్‌ను (ప్యాకేజీలోని సబ్‌రొటీన్‌ను) పిలిస్తే పర్ల్ ఆ ప్యాకేజీలో వెతికి, ఆబ్జెక్ట్‌ను మొదటి ఆర్గ్యుమెంట్‌గా అందిస్తుంది. హ్యాష్‌ను మాత్రం ఫైల్ పైభాగాన ప్రకటించి దాన్నే బ్లెస్ చేయకండి, మళ్లీ అందరికీ ఒకే హ్యాష్ అవుతుంది.

ఇంకో చిక్కుంది. హ్యాష్ కీలో 'బాకీ' బదులు 'బకీ' అని టైప్ చేస్తే 'స్ట్రిక్ట్' (ప్రకటించని వేరియబుల్ పేర్లను పట్టుకునే పర్ల్ సదుపాయం) పట్టుకోదు. రాసేటప్పుడైతే చడీచప్పుడు లేకుండా కొత్త కీ పుట్టుకొస్తుంది. దీనికి పర్ల్‌తోపాటే వచ్చే హ్యాష్ యుటిల్ మాడ్యూల్‌లో 'లాక్ కీస్' ఉంది. న్యూ చివర్లో, అన్ని కీలూ పెట్టేశాక వాడండి. ఆపైన తప్పు కీని చదవబోయినా ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగి, ఏ కీయో చెబుతుంది.

2023లో వచ్చిన పర్ల్ 5.38లో 'క్లాస్', 'ఫీల్డ్' అనే కీవర్డ్‌లు వచ్చాయి. ఫీల్డ్ మామూలు వేరియబుల్‌లా ఉంటుంది కనుక స్పెల్లింగ్ తప్పును స్ట్రిక్టే కంపైల్ దశలో పట్టేస్తుంది. కానీ అది ప్రయోగాత్మకంగా ఇచ్చిన సదుపాయం. బిల్లింగ్ కోడ్ కాబట్టి మీకు బ్లెస్, లాక్ కీస్ చాలు. ఆబ్జెక్ట్‌ల కోసం వాడే మూస్ లాంటి పెద్ద మాడ్యూల్ కూడా ఇప్పుడే అక్కర్లేదు.

యూనిట్ రేటును మాత్రం ప్యాకేజీ వేరియబుల్‌గానే ఉంచండి, అది అందరికీ ఒకటే కదా.