రాయగడ నుంచి విశాఖకు వారం వారం తిప్పి పాపకు సైకోడైనమిక్ థెరపీ చేయిస్తే ఫలితం ఉంటుందా?

పాపకు పద్నాలుగేళ్లు, చాన్నాళ్లుగా దిగులు, బడికి వెళ్లనంటోంది అన్నారు. విశాఖలో సైకాలజిస్టు ఈ థెరపీ (లోపల అణచుకున్న బాధను, కోపాన్ని మాటల్లో బయటికి తెచ్చి అర్థం చేసుకునే పద్ధతి) సూచించారు, అంత దూరం తిప్పడం దండగా అని మీ ప్రశ్న.

దండగ కాదు, మధ్యలో మానకపోతే. ఇంగ్లండులో డిప్రెషన్ ఉన్న 11–17 ఏళ్ల పిల్లలు 465 మందితో చేసిన ‘ఇంపాక్ట్’ అధ్యయనం 2017లో వచ్చింది. సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే థెరపీ), ఈ తరహా థెరపీ, క్లుప్తమైన కౌన్సెలింగ్ మూడింటినీ పోల్చారు. 86 వారాలకు చూస్తే వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. చికిత్స ఇవ్వని గుంపు అందులో లేదు కాబట్టి దిగులు తగ్గిందంతా థెరపీ చలవే అనలేం. సీబీటీ కన్నా తీసికట్టు అనడం మాత్రం తప్పు. నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకోటుంది: ఈ తరహా థెరపీకి 30 వారాల్లో 28 సెషన్ల దాకా అనుకుంటే, సగం మంది పదకొండు దాటలేదు. అక్కడే అలా ఉంటే పార్వతీపురం, విజయనగరం దాటి వెళ్లాల్సిన మీరు ముందే లెక్క చూసుకోవాలి.

మొదటిరోజే ఇవి అడగండి: మొత్తం ఎన్ని సెషన్లు, ఏ రోజు, ఏ గంటకు, తల్లిదండ్రులతో విడిగా ఎన్నిసార్లు మాట్లాడతారు. ఆ అధ్యయనంలో తల్లిదండ్రులకు విడిగా ఏడు సెషన్ల దాకా పెట్టారు. సెషన్ రోజు, గంట మారుతూ ఉంటే ఈ పద్ధతి సాగదు. ఆ యాభై నిమిషాలు తనవేనని పాపకు నమ్మకం కుదిరాకే నోరు విప్పుతుంది.

భాష సంగతి మన వైపు ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే బడిలో పడ్డ మాటలు ఒడియాలోనే గుర్తొస్తాయి. థెరపిస్టుకు కొంతైనా ఒడియా అర్థం కావాలి. మీరు మాత్రం పక్కన కూర్చుని మధ్యవర్తిగా చెప్పకండి, పాప ఇక మీ గురించి ఏమీ చెప్పదు.

ఎక్కువగా చెడేది ఇంటి దగ్గరే. తిరుగు రైల్లో “ఏం మాట్లాడావమ్మా?” అని గుచ్చి గుచ్చి అడిగితే పై వారం మౌనమే. కొన్ని వారాలయ్యాక పాప విసుక్కోవచ్చు, మీ మీద అరవొచ్చు. లోపల అణచుకున్న కోపం ముందు తల్లి మీదకే వస్తుంది, ఎందుకంటే అమ్మ వదిలెయ్యదని తెలుసు. “థెరపీ పెట్టాక ఇంకా పాడైంది” అని చాలామంది మానిపించేది అప్పుడే. థెరపిస్టుకు చెప్పండి, మానకండి. కాస్త బాగుందని చెప్పకుండా ఆపడమూ నష్టమే. ముగింపు తేదీ కొన్ని వారాల ముందే పాపకు తెలియాలి, లేకపోతే ఇంకొకరు తనను వదిలేశారనుకుంటుంది.

చేసిందే చేసే ఓసీడీ అయితే ముందు దానికని ఉన్న సీబీటీ, నిలకడ, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ అయితే మందులు, పెద్దలకు శిక్షణ. “చచ్చిపోతాను” అన్నా, చెయ్యి కోసుకున్నా సెషన్ రోజు దాకా ఆగొద్దు. ఆ రోజే దగ్గర్లోని జిల్లా ఆసుపత్రికో, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి సైకియాట్రీకో తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ప్రతివారం కుదరదనుకుంటే కొన్ని సెషన్లు వీడియోలో పెట్టమని అడగండి. తలుపు వేసుకునే గది, ఇయర్‌ఫోన్లు ఉండాలి, అవతల గదిలో ఎవరూ చెవి వేయకూడదు. పద్నాలుగేళ్ల పిల్లకు అది నడుస్తుంది. బొమ్మలతో ఆడుతూ చెప్పుకునే చిన్న పిల్లలకైతే ఎదురుగా కూర్చోవడమే మేలు.