మీ పెద్దనాన్న నింపిన ఫారం

చిట్టితల్లీ,

నువ్వు ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీకి అప్లై చేస్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. ఎంత గొప్పగా చెప్పిందో, ఆ వెంటనే "అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాం అక్కా" అని అంత బెంగపడింది. విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. మెసేజ్ పెడితే ఒక బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మొత్తం చదువు.

మార్కులు, వ్యాసాలు, టీచర్ల సిఫార్సు ఉత్తరాలు నీకే బాగా తెలుసు. వాటి జోలికి నేను రాను.

డబ్బు సంగతి చెప్తాను. ఆ యూనివర్సిటీ వాళ్ళ ఉచిత ట్యూషన్ పథకం, గో బ్లూ గ్యారంటీ, 2018లో మొదలైంది. అప్పట్లో ఏడాదికి 65,000 డాలర్ల లోపు ఆదాయం, 50,000 లోపు ఆస్తి ఉన్న మిషిగన్ కుటుంబాల పిల్లలకే ఇచ్చేవాళ్ళు. 2025 ఫాల్ టర్మ్ నుంచి రెండింటికీ హద్దు 1,25,000కి పెంచారు. మీ నాన్న గ్యాస్ స్టేషన్ జీతం, మీ అమ్మ డేకేర్ జీతం కలిపినా ఆ దరిదాపులకు రావు. సీటు వస్తే నాలుగేళ్ళ ట్యూషన్, తప్పనిసరి ఫీజులు వాళ్ళే చూసుకుంటారు. దీనికంటూ వేరే అప్లికేషన్ లేదు. చదువు సాయం కోసం గవర్నమెంటు అడిగే ఫారం ఫ్యాఫ్సా, యూనివర్సిటీ అడిగే ఫారం సీఎస్ఎస్ ప్రొఫైల్, రెండూ గడువులోపు నింపాలి. పేర్లు మాత్రం సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉంటే అలాగే కొట్టు. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందుంటాయి, ఇంకోదాంట్లో వెనకుంటాయి. అక్కడ తేడా వస్తే ఫారం ముందుకు కదలదు.

ఇక మీ పెద్దనాన్న సంగతి. మీ అన్నయ్య కాలేజీకి వెళ్ళేటప్పటి మాట. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

ఆయన ఇండియాలో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి వచ్చిన మనిషి. కాగితం అంటే భక్తి. డైనింగ్ టేబుల్ మీద ఫైళ్ళన్నీ పరుచుకుని, రెండు రాత్రులు కూర్చుని ఫ్యాఫ్సా నింపారు. పెట్టుబడులు ఎంత అని అడిగిన గడిలో ఇంటి ఖరీదు వేశారు, రిటైర్మెంట్ కోసం జీతంలోంచి కోయించుకున్న డబ్బంతా వేశారు. "మనం ఉంటున్న ఇల్లు కూడా రాయాలా? సగం పైగా బ్యాంకుదే కదా" అన్నాను. "గవర్నమెంటు దగ్గర దాపరికం ఏంటే" అని కసిరారు. చివరికి తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు రాలేదు, లోన్ ఇస్తామని ఉత్తరం వచ్చింది. మనకింతే కాబోలనుకుని ఇద్దరం తలూపాం.

మరుసటి ఏడాది అన్నయ్య తనే నింపుదామని కూర్చున్నాడు. ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఉంది: నువ్వు ఉంటున్న ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు ఇందులో కలపకూడదని. వాడేమీ అనలేదు. లాప్‌టాప్ వాళ్ళ నాన్న వైపు తిప్పాడు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి బనీనుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ ఒక్క ఏడాది లోన్ అన్నయ్య పెళ్ళయ్యాక కూడా కట్టాడు.

తప్పు రాసినందుకు నాకు ఆయన మీద కోపం లేదు. ఉత్తరం వచ్చిన రోజే కాలేజీలో ఈ సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఎందుకిలా వచ్చిందని అడిగి ఉంటే సరిదిద్దుకునే వీలు ఉండేది. "ఇచ్చేవాళ్ళని నిలదీస్తామా" అని మొహమాటపడ్డారు. ఇప్పుడు చూస్తే మీ నాన్నదీ అదే వరస. ఉచితంగా చదివించడం అంటే దానం పట్టడమేనట! పన్నెండేళ్ళుగా ఈ రాష్ట్రానికి పన్ను కట్టడం లేదూ?

గడి కింద చిన్న అక్షరాలు ప్రతిచోటా చదువు. సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో ఇల్లు, రిటైర్మెంట్ డబ్బు కూడా అడుగుతారు, అక్కడ రాయాల్సిందే. విజయవాడలో మీ నాన్న పేరు మీదున్న స్థలం కూడా రాయాలి. గుళ్ళో ఎవరో ఒకరు "ఇండియా ఆస్తులు వాళ్ళకేం తెలుస్తాయి" అంటారు, వినకు. తాతగారి పేరు మీదున్న పొలానికి పంపకాలు కాలేదు, అది మీ నాన్న ఆస్తి కాదు. నిజాయితీ చూపిద్దామని దాన్ని తెచ్చి పెట్టకు.

2026 ఫాల్‌కి వాళ్ళు చూసేది 2024 టాక్స్ రిటర్ను. మొన్న వేసవిలో మీ నాన్నకి షిఫ్టులు తగ్గాయి కదా, అది అందులో కనపడదు. పే స్లిప్పులు పెట్టి ఎయిడ్ ఆఫీసుకి ఉత్తరం రాయి. మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ రాసి పెట్టుకో.

సీటే రాదని మీ అమ్మ అనుకుంటోంది. 2015లో ఆ యూనివర్సిటీయే ఒక ప్రయోగం చేసింది. బాగా చదివే పేదింటి పిల్లల్లో కొందరికి, సీటొస్తే ట్యూషన్ లేదని ముందే ఉత్తరాలు పంపింది. ఉత్తరం అందినవాళ్ళలో 68 శాతం మంది అప్లై చేశారు, అందనివాళ్ళలో 26 శాతమే. అందనివాళ్ళకీ సాయం దాదాపు అంతే దొరికేది, వాళ్ళకా సంగతి తెలియదు, అంతే.

గదికి, తిండికి ఆ గ్యారంటీ వర్తించదు. వేరే గ్రాంట్లు వస్తాయేమో అడగాలి. డబ్బు మిగులుతుందని క్యాంటన్‌లో ఇంటి నుంచి రోజూ కారులో తిరుగుతానంటే మాత్రం ఒప్పుకోను. జనవరిలో ఎం-14 హైవే మీద కంటికి కనపడని మంచు ఉంటుంది. నాకు భయం. అవసరమైతే తిండి ఖర్చు నేను పెట్టుకుంటాను, ఈ మాట మీ నాన్నతో అనకు.

ఆదివారం భోజనానికి రండి. 2024 రిటర్ను, సోషల్ సెక్యూరిటీ కార్డులు తీసుకురా. ఫ్యాఫ్సాకి మీ నాన్న అకౌంటు ఆయన చేతే తెరిపించాలి, కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఏదో వంక పెట్టి ఆయన్ని ఫోన్‌తో సహా తీసుకురా, మిగతాది నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ